తెల్లదారం కట్టిన స్వెట్టరు

ఇది ఎప్పుడో రాయాల్సిన సంగతి. రాయలేకపోయాను, ఎందుకంటే నాకు అప్పట్లో అక్షరాలు రావు. యాభై దాటినాక ఉప్పల్‌లో ఆడవాళ్లకు సాయంత్రం పూట చెప్పే క్లాసుకు పోయి నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఇంకో అడ్డం వచ్చింది. నేను ఏది రాసినా మా ఆయన చదువుతాడు. పేపరు వస్తే మొదటి పేజీ నుంచి టెండర్ నోటీసుల దాకా వదలని మనిషి. అందుకే రెండేళ్ల పాటు నా పేరు, పిల్లల పేర్లు, కిరాణా చిట్టీ తప్ప ఇంకేమీ రాయలేదు.

మా ఆయన నాచారంలో ఒక కంపెనీలో మిషన్ మీద పనిచేసేవాడు. పెళ్లికి ముందు మూడుసార్లు మిలిటరీ సెలక్షన్‌కు పోయాడు. ఛాతీ ఒక అంగుళం తక్కువని మూడుసార్లూ తిప్పి పంపారు. ఆ దుఃఖం ఎట్లా తీర్చుకున్నాడంటే, మిలిటరీ బట్టలు కొనడం మొదలుపెట్టాడు. సెలవు దొరికిన ప్రతి గురువారం జుమ్మేరాత్ బజార్‌కు పోయి పాత కోటో, టోపీనో, బెల్టో చంకలో పెట్టుకొని వచ్చేవాడు. ఒక్కటీ ఒంటి మీద వేసుకునేవాడు కాదు. బ్రష్ కొట్టి, గుండీలు తుడిచి, పురుగు పట్టకుండా డాంబర్ గోలీలు వేసి బీరువాలో పెట్టేవాడు. నా చీరలు మంచం కింద అట్టపెట్టెలో ఉండేవి. బీరువా కోట్లది.

పెళ్లయిన కొత్తలో నాకు ఆ కోట్లంటేనే కడుపుమంట. ఆదివారం పొద్దున ఎండలో కూర్చొని ఒక్కొక్క గుండీ తుడుస్తూ ఉంటే, నా చేతి గాజుల వైపు ఈ మనిషి ఎన్నడైనా ఇంతసేపు చూశాడా అనుకునేదాన్ని. తర్వాత పిల్లలు, పని, అన్నీ మీద పడి ఆ మంట కొంచెం చల్లబడింది. మళ్లీ రాజేసింది టీచరమ్మ.

టీచరమ్మ మా మీది గదిలో కిరాయికి వచ్చింది. గుడివాడ దిక్కు మనిషి. ఉప్పల్‌లో ప్రైవేటు బడిలో చెప్పేది. ఒక్కతే ఉండేది. వాళ్ల నాయన మిలిటరీలో చేశాడట. మా ఆయనను అన్నయ్యగారు అనేది, నన్ను వదినగారు అనేది. అన్నయ్యగారు అంటే మాత్రం ఏమైంది? ఆమె మాట వినేటప్పుడు ఆయన ముఖం నేను చూశాను కదా.

అప్పుడు ఉప్పల్‌లో క్రికెట్ స్టేడియం కడుతున్నారు. మా పెద్దమ్మాయి పదో తరగతికి వచ్చింది, ఇంట్లో చదువుకుందామంటే బల్ల వేసే జాగా లేదు. బీరువా నిండి, ట్రంకుపెట్టెలు గోడ పొడుగునా లేచాయి. నేను గట్టిగా అడిగాను. కోట్లన్నా ఉండాలె, పిల్ల చదువన్నా ఉండాలె అన్నాను. ఆయన రెండు రోజులు ట్రంకుపెట్టెలు తెరుస్తూ మూస్తూ గడిపాడు. మూడో రోజు, విలువ లేనివి తీసేస్తానన్నాడు. అంబర్‌పేటలో పాత యూనిఫారాల సేట్ ఒకాయన ఉన్నాడు, ఆ విలువ లేని మూటంతా తీసుకొని నిజాం కాలపు కోటు ఒకటి ఇస్తానన్నాడట. నాకు మొదట సంతోషమైంది. ఏది విలువైంది, ఏది కాదు అన్నది ఎవరు చెప్తారు అంటే మాత్రం, టీచరమ్మను పిలిచాడు.

వారం రోజులు సాయంత్రం అయిందంటే ఆమె కిందికి దిగేది. నేను వంటింట్లో రొట్టెలు చేస్తూ వినేదాన్ని.

"ఇది మిలిటరీది కాదండీ అన్నయ్యగారూ, సెక్యూరిటీ గార్డులది."

"గట్లనా మేడం? వాడు పక్కా ఆర్మీ అని ఒట్టేసిండు."

"ఇదైతే పెళ్లిబ్యాండు వాళ్ల కోటు. చూడండి, భుజానికి జరీ పెట్టారు!"

ఇద్దరూ నవ్వేవాళ్లు. ఆయన మోసపోయిన సంగతికి ఆయనే నవ్వడం! అదే మాట నేను పదేళ్ల కింద అన్నాను. బ్యాండోళ్ల కోటు లెక్క ఉందన్నాను. అప్పుడు ఆయన ఒక పూట అన్నం తినలేదు.

పొద్దున నల్లా దగ్గర పక్కింటామె బిందె ఎత్తుకుంటూ అంది, "ఏమొదినె, మీ ఇంట్ల మిలిటరీ భర్తీ నడుస్తుందంట గద. మీదున్న టీచరమ్మ సెలెక్టయిందా?" నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఆ కోపం గిన్నెల మీద చూపించాను.

ఉంచేవాటికి, పంపేవాటికి గుర్తు పెట్టాలి కదా. టీచరమ్మ చీటీలు రాసి పిన్ను పెడతానంది. మా ఆయన వద్దన్నాడు.

"చీటీలొద్దు మేడం. మా ఇంట్లామెకు చదువు రాదు. ఆమెకు గూడ తెల్వాలె గద. దారం కడ్తం."

పరాయి ఆడమనిషి ముందర నాకు చదువు రాదని చెప్పినందుకు నా ఒళ్లంతా మండింది. నాకు తెలియాలని అన్న ముక్క ఆ మంటలో నాకు వినబడలేదు. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, చేతిలో రెండు దారపుండలు పట్టుకొని అడిగాడు, "ఎర్రది, తెల్లది. మా కంపెనీల లెక్కనే. ఎరుకే గద నీకు?"

"ఎరుకే," అన్నాను, వెనక్కి తిరగకుండా.

నాకు ఎరుకలో ఉన్న ఎరుపు వేరు. ఆ రోజుల్లో ఉప్పల్ చౌరస్తా దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కూలగొట్టే ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో గీత గీసి పోయేవాళ్లు. మా చిన్నమ్మ ఇంటికీ గీశారు. ఎరుపు పడిందంటే పోయినట్టే.

మరునాడు వాళ్లు స్వెట్టరు దగ్గరికి వచ్చారు. అది మా పెళ్లయిన మొదటి చలికాలంలో ఆయన కొన్నది, మొత్తం సామానులో మొట్టమొదటిది. ముదురాకు రంగు. కొన్ననాడే మోచేతులు రెండూ చిరిగి ఉన్నాయి. ఆ రంగు ఊలు నాకు దొరకలేదు. మా అమ్మ ఇచ్చిన మఫ్లర్ విప్పి ఆ మెరూన్ ఊలుతో రెండు మోచేతులూ అల్లాను. అంత పెద్ద సామానులో నా చెయ్యి పడింది ఆ ఒక్కదాని మీదే.

"దీనికి విలువ ఉండదండీ," టీచరమ్మ అంది. "వేరే రంగుతో అతుకు వేసేశారు. ఎవరూ తీసుకోరు."

మా ఆయన స్వెట్టరు అందుకున్నాడు. ఎర్రదారం తీసి కట్టాడు.

తర్వాత ఒక పొట్టి ఊలుకోటు తీశాడు. టీచరమ్మ దాని కాలరు మీద చెయ్యి పెట్టి తడిమింది. "మా నాన్నకి ఇలాంటిదే ఉండేది. సెలవులకి వస్తే రైలు దిగేది ఇది వేసుకునే," అంది. మా ఆయన చేతిలో పని ఆపి విన్నాడు. తర్వాత ఆ కోటుకు తెల్లదారం కట్టాడు.

నాది పోవాలి, ఆమె నాయనది ఉండాలి. నాకు అట్లా అర్థమైంది. చెయ్యి కాలినా తెలియలేదు, పెనం మీద రొట్టె మాడిపోయింది.

శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెండు దారాలూ విప్పాను. ఎర్రదారం తీసుకుపోయి ఆమె కోటుకు కట్టాను. తెల్లదారం నా స్వెట్టరుకు కట్టాను. గట్టిగా, రెండు ముళ్లు వేశాను. ఆ పూట నాకు ఎన్నడూ లేనంత ఆకలైంది.

ఆదివారం మా ఆయనకు ఓవర్‌టైం పడింది. సేట్‌కు ఏ దారం కట్టినవి తీసుకుపోవాలో ముందే చెప్పి పోయాడు. సేట్ ట్రాలీ ఆటోతో వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, బ్యాండు కోట్లు గూడ నాకే అంటగడుతున్నరా? గిప్పుడు బాజా గొట్టెటోళ్లకు గూడ కొత్తయి గావాలె!" అని నవ్వాడు. నా ముఖం చూస్తే పట్టుకుంటాడేమోనని వంటింట్లోకి పోయాను. "అన్నీ అండ్లనే ఉన్నయి, తీస్కపోన్రి," అని అక్కడి నుంచే అన్నాను. పోతూ పోతూ నిజాం కాలపు కోటు మంచం మీద, కొట్టు అడ్రసున్న తన కార్డు దాని మీద పెట్టిపోయాడు.

సాయంత్రం మా ఆయన వచ్చి కొత్త కోటును ముట్టుకోను కూడా లేదు. నేరుగా ఉంచినవాటి దగ్గరికి పోయాడు.

"స్వెట్టరేది?"

టీచరమ్మ తడిమిన ఊలుకోటు పైకి తీశాడు.

"గీ కోటుకు ఎర్రదారం ఎవరు కట్టిన్రు? గిది పొయ్యేది గద!"

"ఎర్రది పోవాల్సిందే గద," అన్నాను మెల్లగా.

"ఎర్రది పోవుడేంది? కంపెనీల ఎర్రదారం అంటే ముట్టొద్దు, కదపొద్దు. తెల్లది గేటు దాటుతది. ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

చెప్పే ఉంటాడు. కంపెనీ మాటలు నేను ఎన్నడు విన్నాను!

ఆయన గడప మీద కూర్చున్నాడు. "ఆ స్వెట్టరు విలువ లేనిదే. నాకు తెల్వదా? కని అది ఇచ్చేది కాదు," అన్నాడు. తర్వాత మీది మెట్ల వైపు చూశాడు. ఆ కోటు మీద మనసున్నది టీచరమ్మకే కదా. పైకి పోయి, దారాలు మార్చింది మీరా అని అడిగాడు. కింద నాకు ఆమె గొంతు వినబడింది.

"నేనెందుకు కడతానండీ? కావాలంటే మిమ్మల్ని అడగనా?" తర్వాత తలుపు పడింది.

నిజం చెప్పాలి. ఆ తలుపు చప్పుడుకు నాకు మొదట సంతోషమే అయింది. అన్నం ఉడికేంతసేపు ఉంది ఆ సంతోషం. వార్చేటప్పుడు చూస్తే ఆయన ఇంకా గడప మీదే ఉన్నాడు, ఒక చేత్తో రెండో మోచెయ్యి పట్టుకొని.

సోమవారం ఆయన ఫస్ట్ షిఫ్టుకు పోగానే ఆ ఊలుకోటు, సేట్ కార్డు తీసుకున్నాను. కార్డు మా అమ్మాయితో చదివిస్తే సాయంత్రానికి వాళ్ల నాయనకు తెలుస్తుంది. ఇంక చదివే మనిషి ఒక్కతే ఉంది. మీదికి పోయాను. టీచరమ్మ టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది.

"దారాలు మార్చింది నేను, టీచరమ్మా."

ఆమె నా చేతిలోని కోటు చూసింది, నన్ను చూసింది. ఎందుకని అడగలేదు. అడిగితే బాగుండేది. చెప్పులేసుకొని నాతో ఉప్పల్ దాకా వచ్చింది, అంబర్‌పేట బస్సు ఎక్కించి, కార్డు కండక్టరు చేతిలో పెట్టి, "మా వదినగారిని ఇక్కడ దించండి," అంది. బస్సు కదిలేముందు కోటు కాలరును ఒక్కసారి ముట్టుకుంది. "అన్నయ్యగారికి చెప్పకండి. సేటే దారాలు విప్పి తారుమారు చేశాడనుకుంటారు. నా మీద కోపం ఎన్నాళ్లుంటుందిలెండి," అంది.

ఆ మంచితనం చూసి కూడా నాకు కడుపు మండింది.

సేట్ కొట్లో కుప్ప మీద నుంచి మెరూన్ మోచేతులు దూరం నుంచే కనబడ్డాయి. కోటు ఇచ్చి తెచ్చుకున్నాను. సేటే దారాలు తారుమారు చేశాడని చెబితే మా ఆయన నమ్మాడు. టీచరమ్మకు మెట్ల కిందనే నిలబడి సారీ చెప్పాడు, కాని ఆమె మళ్లీ మా ఇంట్లోకి రాలేదు. ఏడాదికి గది ఖాళీ చేసింది. తర్వాత ఎప్పుడో అక్షరాలు నేర్చుకోవాలని పట్టు పట్టానంటే, ఆ బస్సులో కండక్టరు చేతిలో చూసిన కార్డు వల్లనే. ఆమె ఉండగా ఆమెనే అడిగి నేర్చుకొని ఉండొచ్చు. మనసొప్పలేదు.

తెలంగాణ వచ్చింది. ఉప్పల్ రోడ్డు నడుమ మెట్రో స్తంభాలు లేచాయి. ఆయన రిటైరయ్యాడు. సేట్ మాట వస్తే ఇప్పటికీ, "నా స్వెట్టరు ఎత్తుకపొయ్యిండు" అంటాడు. ఇదంతా రాయడానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. నిన్న సాయంత్రం అయిపోయింది.

ఈ పొద్దున నోటుబుక్కుకు తెల్లదారం కట్టాను, ఈసారి ఆయన కంపెనీ లెక్కన. ఆయన పేపరు మీద, చాయ్ గ్లాసు పక్కన పెట్టి, పాలకు పోయాను.