తెర మీద మా శిరీష

మన అక్కచెల్లెళ్ల గ్రూపులో దేవుడి పటాలు తప్ప ఏమీ పెట్టని నేను, ఈ రోజు మనసు ఆగక రాస్తున్నాను.

పోయిన ఏడాది తలసేమియాతో మనకు దూరమైన మా శిరీషకు వైద్యం చేసిన డాక్టరమ్మ పిలిస్తే, రక్తపు జబ్బుల మీద పరిశోధన చేసేవాళ్లు ఏటా జరుపుకునే సభకు మొఘల్‌పురా నుంచి ఆటోలో వెళ్లాను. తెర మీద మా పిల్ల చిన్నప్పటి ఫొటో వేశారు. ఎవరో తెలియకుండా కళ్ల మీద నల్ల పట్టీ పెట్టారు. నేను వెంటనే గుర్తుపట్టాను.

వేరే దేశం డాక్టరు ఒకాయన బుగ్గ మీది మచ్చ చూపిస్తూ ఏదో అడిగాడు. డాక్టరమ్మ నవ్వబోయి, నన్ను చూసి ఆగింది.

"ఆ మచ్చ కూడా జబ్బుతోనే వచ్చిందా అని అడుగుతున్నడమ్మా. మీరే చెప్పండి," అంది.

"దిష్టి చుక్క మేడం. మస్తు ముద్దుగుండె నా బిడ్డ, అందుకే పెట్టిన. సూదికి ఏడ్వకపోయేది గానీ, చుక్క పెడితే లొల్లి చేసేది."

పొద్దున్నుంచి అందరూ దాని రక్తం గురించే మాట్లాడారు. అది ముద్దుగా ఉండేదని నేనైనా చెప్పాను.

దాని అల్లరి మీకేదైనా గుర్తుంటే రాయండి. ఇది మీ దగ్గరే దాచుకోండి. వాళ్ల నాన్నకు చూపించకండి, ఆయన ఇంకా దాని ఫొటో చూడలేకపోతున్నారు.