వలి సాహెబ్ కొసరు

ఎర్రగుంట్ల సర్కారు సూపర్ బజారులో వలి సాహెబ్ తూకం వేస్తే, తక్కెడ ముల్లు నిలిచాక కూడా చెయ్యి నిలిచేది కాదు. కొసరుగా ఇంకో గుప్పెడు పోస్తేనే ఆయనకు తూకం పూర్తయినట్టు. పోయకపోతే ఆడవాళ్లు సంచి ఎత్తేవాళ్లూ కాదు. గింజలు రాలిపోతాయనీ ఎలుకలు తింటాయనీ సర్కారు వారు కొంత తరుగు ఒప్పుకుంటారు కదా, ఎలుకల వాటా మనుషులకు పెట్టాడు, అంతే. నా లెక్కలో అది పుణ్యమే.

ఆ బజారు మూతపడింది. ఎదురుగా వెలిసిన ప్రైవేటు సూపర్ మార్కెట్ వాళ్లు ఆయన్ను విడి సరుకుల దగ్గర నిలబెట్టారు. ఏసీ, యూనిఫాం, టక్కు. ఈ పని కూడా పోతే ఆ వయసులో ఇంకెవరూ పిలిచి ఇవ్వరని ఆయనకూ తెలుసు. సరుకు మిషన్ మీద పెట్టి, కవరుకు స్టిక్కరు అంటించి ఇచ్చెయ్యాలి. కానీ స్టిక్కరు అంటించాక ఆయన చెయ్యి మళ్లీ డబ్బాలోకి పోయేది.

ఒకరోజు పైఆఫీసు నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు బిల్లు దగ్గర కవర్లన్నీ మళ్లీ తూచారు. సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుడి భార్య సుబ్బరత్నమ్మ కవరులో స్టిక్కరు కన్నా ఎక్కువ వేరుశనగ విత్తనాలు తేలాయి. వరసలో ఉన్న మేమంతా ఆమెవైపే చూశాం.

"స్టిక్కరేసినాక పోసుకున్నావామ్మా?" అన్నాడు మేనేజరు భూపేష్.

"నేనేం దొంగనాప్పా?" అందామె. వలి సాహెబ్ పేరు మాత్రం చెప్పలేదు.

ఆయన దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"ఆయమ్మనేమీ అనాకండి సార్. నేనే పోసినా, కొసరు."

"కొసరేంది? ఇది నీ ఇల్లనుకుంటివా? ఇంగొక్కసారి చూసినానంటే ఇంటికి పంపిస్తా."

భూపేష్‌దీ తప్పనలేను. తరుగు వస్తే అతని జీతంలో కోస్తారు. కానీ తండ్రి వయసు మనిషిని అంతమందిలో అట్లా అంటే నాకు ఒళ్లు మండింది.

సుబ్బరత్నమ్మ ఇక ఆ గడప తొక్కదనుకున్నాను. తర్వాతి వారమే వచ్చింది. వలి సాహెబ్ విత్తనాలు తూచాడు, స్టిక్కరు అంటించాడు. పాపం, చెయ్యి దానంతటదే డబ్బాలోకి పోయి గుప్పెడు నింపుకొని లేచింది. భూపేష్ బియ్యం బస్తాల దగ్గర నుంచి చూస్తున్నాడు.

కొసరు కోసం సర్కారు బజారులో గొంతు చించుకున్న సుబ్బరత్నమ్మే, కవరు మూతిని అరచేత్తో మూసేసింది.

"చాల్లే సాయిబూ. ఇన్నాళ్లూ శానా పోసినావు."

ఆయన గుప్పిట విప్పాడు. విత్తనాలు మళ్లీ డబ్బాలోనే పడ్డాయి.