వణుకు నేర్పిన వారం

గ్రీసులోని మా కాలిమ్నోస్ దీవిలో తరాలను కాళ్ళను బట్టి గుర్తుపట్టవచ్చు. మా నాన్న థెమెలిస్ ఈడువాళ్ళవి ఈడ్చే కాళ్ళు. మా ఈడువాళ్ళవి, ఆ కాళ్ళవైపు చూడకుండా గబగబా దాటిపోయే కాళ్ళు.

సముద్రం అడుగున స్పాంజి కోయడానికి నాన్న పద్దెనిమిదో ఏట దిగాడు. ఇరవై ఆరో ఏట, ఆఫ్రికా తీరంలో, నలభై బారల లోతు నుంచి ఆయన్ని తొందరపడి పైకి లాగారు. ఒంట్లో గాలి బుడగలు కట్టింది. నడుం కింద అంతా రాయి. తోటివాళ్ళు ఒడ్డున వేడి ఇసుకలో మెడదాకా పాతారు. వాళ్ళకు తెలిసిన వైద్యం అదొక్కటే. పక్కనే, అదే రోజు దిగి అలాగే పడిపోయిన ఆయన స్నేహితుడు పాంతెలిస్‌నూ పాతారు. పొద్దువాలాక ఇద్దరినీ తవ్వి తీస్తే ఒకడే కళ్ళు తెరిచాడు.

నాకు తెలిసింది ఇంతే. ఆ రోజు నీళ్ళలో దిగాల్సిన వంతు ఎవరిదో నాన్న చెప్పబోయినప్పుడల్లా, "భోజనం దగ్గర చావు కబుర్లేమిటి?" అనేది అమ్మ. అమ్మ పోయాక ఆ మాట నేను అందుకున్నాను.

మాకో నాట్యం ఉంది. వరసలో మొదటివాడు కర్ర పట్టుకుని, కాళ్ళు చచ్చుబడినవాడిలా వణుకుతూ ఆడతాడు. చివర్లో కర్ర విసిరేసి ఎగురుతాడు. నిజంగా కాళ్ళు చచ్చుబడ్డాక అలా ఎగిరినవాడు మా ఊళ్ళో ఒక్కడూ లేడు. ఆ ఏడు రేవులో ప్రదర్శనకు వరసలో ఆ మొదటి స్థానం మా అబ్బాయి నోమికోస్‌కు వచ్చింది.

"తాతా, ఒక్కసారి గుమ్మందాకా నడువు."

"ఎందుకురా?"

"నీ కాళ్ళు చూడాలి."

నాన్న మొహంలో దీపం పెట్టినట్టయింది. నలభై ఏళ్ళలో ఆ కాళ్ళు చూస్తానన్నది వీడొక్కడే.

"నడుస్తాను. కానీ తర్వాత కూర్చుని వినాలి. పాంతెలిస్ సంగతి."

"వింటాలే. ముందు కాళ్ళు, తర్వాత కథ."

వారం రోజులు పెరట్లో ఎండ ఆయన వెంట కుంటుతూ తిరిగింది.

"వణుకు మోకాల్లో మొదలవుతుందా, మడమలోనా?"

"తొడలోరా. అక్కణ్ణించి కిందికి కారుతుంది, చిల్లికుండలో నీళ్ళలా."

"కర్ర వదిలేసి నడువు. అసలు వణుకు తెలియాలి."

రెండుసార్లు పడ్డాడు. రెండోసారి నేను పరుగెత్తబోతే నోమికోస్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగమ్మా! ఎలా లేస్తాడో చూడనీ."

గోడమీంచి పక్కింటి కలియోపి కేకేసింది. "ఏమే సెవస్తీ, మీ ఇంట్లో కుంటివాళ్ళు ఇద్దరయ్యారా? పింఛను ఇద్దరికీ ఇస్తారా?"

నేను నవ్వాను. నేలమీద చతికిలబడి నాన్నా నవ్వాడు.

రోజూ సాయంత్రం, "ఇప్పుడు చెప్పనా?" అనేవాడు.

"ఆట అయ్యాక, తాతా. తీరిగ్గా."

ఆ ఆదివారం రేవులో నోమికోస్ వణికాడు. నాన్న జబ్బు కొత్త బూట్లు తొడుక్కుని, నడుముకు పట్టు దట్టీ చుట్టుకుని జనం ముందు నిలబడింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. పడవల్లోంచి పరదేశీలు ఈలలు వేశారు. నాట్యం నేర్పే మాస్టారు నాన్న భుజం తట్టి, "ముసలాయనా, నీకన్నా నీ మనవడే బాగా వణికాడు!" అన్నాడు. నాన్న గర్వపడ్డాడు. అది నా కళ్ళతో చూశాను.

ఇంటికి రాగానే కుర్చీ లాగి చూపించాడు. "కూర్చోరా."

నోమికోస్ చొక్కా మార్చుకుంటున్నాడు. "ఇప్పుడెందుకు తాతా కథ? నాకు కావాల్సింది కాళ్ళలోకి వచ్చేసిందిగా!" ఆయన నుదుటిమీద ముద్దుపెట్టి వెళ్ళిపోయాడు. మోటారుసైకిలు చప్పుడు కొండ మలుపు దాటేదాకా వినపడింది.

నాన్న నావైపు తిరిగాడు. "సెవస్తీ, ఆ రోజు దిగాల్సింది..."

"చేపల చారు చల్లారిపోతోంది నాన్నా," అన్నాను.

ఆయన తిన్నాడు. రొట్టెముక్కతో గిన్నె అడుగు తుడిచి మరీ తిన్నాడు.