బస్సుల సమ్మెలో నాకు దొరికిన జవాబు

సహోదరులారా, సహోదరీలారా, మా అమ్మకు షుగర్ ముదిరి కుడి పాదం తీసేసినప్పుడు దవాఖానల ఆమె పక్కన కూర్చున్నది నేనే, అందుకే తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో డాక్టరమ్మ నా రిపోర్టు చూసి "నీకింకా షుగర్ రాలేదు గానీ గడప దాకా ఒచ్చింది, జాగ్రత్త పడితే ఆపొచ్చు" అన్నప్పుడు నాకు ఆ జాగ్రత్త మాట చెవికెక్కలేదు, అమ్మ పాదమే కనపడ్డది.

ప్రార్థన చేసిన, చాలా చేసిన. శుక్రవారం ఉపవాస కూడికలో మూడింటి దాకా ఏమీ ముట్టకుండా మొరపెట్టుకొని, ఆమెన్ అనంగనే పళ్లెం నిండ అన్నం, దాని మీద రెండు లడ్డూలు తినేదాన్ని. ఇంటింటి కూడికల్లో ఎవరు చాయ్ ఇచ్చినా కండ్లు మూసి ప్రార్థించి తాగేదాన్ని, ప్రార్థించి తాగిన చక్కెర ఏం చెయ్యదని నా గట్టి నమ్మకం. నా అంత తెలివిగల విశ్వాసి మన సంఘంలో ఇంకొకరు లేరు.

అప్పుడే సమ్మె మొదలై బస్సులు బందైనయి. ఎల్బీ నగర్‌ల ఇల్లు, దిల్‌సుఖ్‌నగర్‌ల చీరల షాపుల పని, నడవక తప్పలేదు. మొదటి దినమే కొత్తపేటల ఒక షాపు మెట్ల మీద కూలబడి "ప్రభువా, రోగం తీసెయ్యమంటే కాళ్లు విరగ్గొడుతున్నవేంది?" అని కోపం చేసుకున్న. అట్ల అనుకుంటనే పాదాలు పిసుక్కుంటున్న, రెండూ నొస్తున్నయి, షుగరుతోని పాదం మొద్దుబారి అమ్మకు ఈ నొప్పే తెలియక గదా పుండు పెరిగింది అని మనసుకు తట్టింది. నా పాదాలకు ఇంకా నొప్పి తెలుస్తున్నది, నడిచే కాళ్లు నాకింకా ఉన్నయి. నేను ఏడ్చి ఏడ్చి అడిగిన జవాబును దేవుడు నా రెండు చేతుల్లో పెట్టి చూపించిండు, నేను ఆ మెట్ల మీదనే తల ఒంచుకొని ఏడ్చిన.

ఆనాటి నుంచి అన్నం సగం, కూర ఎక్కువ, లడ్డూ బందు. "ఏందక్కా, మా ఇంట్ల చాయ్ చేదా?" అని చెల్లెండ్లు చిన్నబుచ్చుకుంటే "తాగుత చెల్లె, చక్కెర లేకుండ ఇయ్యి" అన్న. సమ్మె అయిపోయి బస్సులొచ్చినా నేను ఎక్కలేదు. కొన్ని నెలలకు డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చూసి, మామూలుకొచ్చింది, కానీ నడక మానితే మళ్లీ ఒస్తది, ఏటేటా పరీక్ష చేయించుకో అన్నది. చేయించుకుంటున్న, దేవునికే మహిమ.

మీలో ఎవరైనా రిపోర్టు బీరువాల దాచిపెట్టి భయపడుతుంటే, ఆయన్ను నమ్మండి, డాక్టరుకు చూపించండి. ఆరాధన అయినంక నేను ఇంటికి నడిచే పోతున్న. చెప్పులేసుకొని నాతోని రండి.