మూత మీద హెర్మినియా

తుఫానుకు కరెంటు స్తంభాలు కూలి మూడు రోజులైంది. సమర్ దీవిలోని ఆ రేవు ఊళ్లో ఫ్రీజరున్న ఇళ్లన్నీ కంపు కొడుతున్నాయి, హెర్మినియా ఇల్లు తప్ప.

పడవలు నిండా వచ్చి చేప చవకైన రోజునే ఆమె కొనేది. కడిగి, పూటకు సరిపడా సంచుల్లో పల్చగా పరిచి గడ్డ కట్టించేది. పాతవి పైకి, కొత్తవి అడుక్కి. ఖాళీ మిగిలితే నీళ్ల సీసాలు కుక్కేది. సముద్రాన్ని కూడా దాచుకునేలా ఉందని ఊరు నవ్వేది. నిండిన పెట్టె చలిని వదలదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండుసార్లు కుళ్లిన చేపను గొయ్యి తీసి పాతిపెట్టాక తనకే తెలిసింది.

మొగుడు ఓడ పనిలో ఉన్నాడు. ఈ గాలుల నెలల్లో పడవలు కదలవు. లోపలున్న నలభై కిలోలే ఆమెకూ ఇద్దరు ఆడపిల్లలకూ తిండి. అందుకే మూతకు తాడు బిగించి, దుప్పట్లు కప్పి, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మిట్టమధ్యాహ్నం మరిది కనోర్ వచ్చాడు. పొద్దుటినుంచీ తాగుతున్నాడు. చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి.

"వదినా, ఓ ఐసు సీసా ఇయ్యి. జిన్ను కాగినట్టుంది."

"కాగిందే తాగు. మూత తియ్యను."

"నిమిషం తీస్తే ఏం పోద్ది?"

"మూడు రోజులు పట్టిన చలి పోద్ది."

"మా అన్నకంటే ఈ పెట్టెనే ఎక్కువ వాటేసుకుంటున్నావంటగా."

"పెట్టె తాగొచ్చి తన్నదుగా."

అతను దవడ మీద గుద్దాడు. ఆమె గోడకు తగిలి జారింది. నోట్లోంచి పన్ను ఊడి నేల మీద పడింది. కనోర్ తాడు నరికి, దుప్పట్లు లాగేసి, మూత ఎత్తి చెయ్యి దూర్చాడు.

హెర్మినియా లేచి ఒళ్లంతా మూత మీద పడేసింది. అతని మణికట్టు పటుక్కుమంది. అతను అరిచాడు, కత్తి జారింది, ఎడమచేత్తో ఆమె జుట్టు పట్టి తలను మూతకేసి కొట్టాడు. కనుబొమ చిట్లి రక్తం కారింది. ఆమె లేవలేదు. అతని చెయ్యి చుట్టూ సందులోంచి చలి పొగలా పోతుంటే, కాలితో దుప్పటి లాక్కుని ఆ సందులో కుక్కింది.

"వదినా, విరిగింది. లే."

"సీసా వదిలావా?"

అతను ఏడుస్తున్నాడు. "లే, చంపేస్తా."

"వదిలితేనే లేస్తా."

లోపల సీసా దభీమంది. ఆమె మూతను అతని చెయ్యి బయటికొచ్చేంత మాత్రమే ఎత్తి, వెంటనే మూసేసింది. కనోర్ వంకరపోయిన చెయ్యి పొట్టకు అదుముకుని, గడప మీద వాంతి చేసుకుని పోయాడు.

ఆమె ముందు తన మొహం తుడుచుకోలేదు. మూత అంచు రబ్బరు మీది రక్తం తుడిచింది, ఎండితే మూత సరిగా పట్టదని. మళ్లీ దుప్పట్లు కప్పి పైన కూర్చుంది.

ఐదో రోజు కరెంటొచ్చింది. తీసి చూస్తే పై వరస మెత్తబడింది, కింద అంతా రాయి. మెత్తబడినవాటిలో కొన్నిటికి ఉప్పు పట్టించి రేకుల మీద ఆరేసింది, మిగతావి పులుసు పెట్టింది. పిల్లలు ముక్కలు తిన్నారు. ఆమెకు దవడ కదలలేదు. పులుసు తాగింది.