కొత్తపట్నం నుంచి ఒక కంటైనర్

కరోనా రెండో విడత సద్దుమణిగిన ఏడాది, ఆగస్టు మొదటి వారంలో నన్ను వెబ్ సేల్స్ మేనేజర్‌గా వేశారు. చీమకుర్తిలోని ఆ గ్రానైట్ ఎగుమతి కంపెనీలో చేరి అప్పటికి ఇరవయ్యారేళ్లు. చేరింది షిప్పింగ్ అసిస్టెంటుగా, ఎదిగింది డాక్యుమెంటేషన్ ఆఫీసర్ దాకా. రాయి ఓడ ఎక్కేలోపు దాని వెంట నడవాల్సిన కాగితాలన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. అన్నీ కంప్యూటర్‌లోకి మారాక నా పని సగానికి పడిపోయింది. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. నన్ను ఖాళీగా కూర్చోబెట్టడం కంపెనీకి ఇష్టం లేదు, ఖాళీగా కూర్చోవడం నా ఒంటికి పడదు. అలా వెబ్‌సైట్ వచ్చి నా నెత్తిన పడింది.

ఈ పనిలో కన్వర్షన్ అనే మాట ఒకటుంది. సైటు చూడడానికి వచ్చినవాళ్లలో డబ్బు కట్టి కొన్నవాళ్లు ఎందరు అన్నదే దాని అర్థం. మా సైటుకు వచ్చేవాళ్లకు కొదవ లేదు. ఏ దేశం నుంచి వచ్చారు, ఏ పేజీ చూశారు, ఎన్ని నిమిషాలున్నారు, అన్నీ నా తెర మీద కనిపించేవి. కొన్నవాళ్ల గడిలో మాత్రం సున్నా. పొద్దున సున్నా, మధ్యాహ్నం సున్నా, టీ తాగి వచ్చి చూస్తే సున్నా. ఓడ ఆలస్యమైతే ఫోన్ చేసి ఎవరినో ఒకరిని తిట్టొచ్చు. సున్నాను ఎవరు తిట్టగలరు? కాలుగాలిన పిల్లిలా ఆఫీసుకూ స్టాక్ యార్డుకూ మధ్య తిరిగేవాణ్ణి.

ఆ తెర మీద ఒక వింత కూడా గమనించాను. రోజూ సాయంత్రం ఏడింటికి ఒంగోలు వైపు నుంచి ఎవరో వచ్చి, నల్ల గెలాక్సీ రాయి పేజీ ఒక్కటే తెరిచి పావుగంట చూసి వెళ్లిపోయేవారు. నలుపులో బంగారు చుక్కలు మెరిసే ఆ రాయికే మా ఊరు పేరుపడింది. పక్క ఫ్యాక్టరీ వాళ్లు మా ఫొటోలు కాజేస్తున్నారని నేను తీర్మానించేశాను.

అక్టోబరు మొదట్లో ఎండీ గారు పిలిచారు. ఆవిడ యజమాని కూతురు, లెక్క తప్పని మనిషి. ఈ నెలాఖరులోపు సైటు ద్వారా డబ్బు కట్టిన ఆర్డరు ఒక్కటైనా రాకపోతే సైటు మూసేస్తామని, నన్ను యార్డులో బండలకు నంబర్లు వేసే పనికి మారుస్తామని చెప్పారు. చీమకుర్తి ఎండలో, క్వారీ దుమ్ములో, యాభై ఏడేళ్ల వయసులో, చేతిలో పెయింటు డబ్బాతో నన్ను నేను ఊహించుకున్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

నాలుగు రోజుల తర్వాత ఎంక్వయిరీ వచ్చింది. మా ఫారంలో ఎర్ర చుక్క పెట్టిన గడులు ఉండేవి. అవి నింపితే తప్ప ఫారం ముందుకు కదలదు. కంపెనీ పేరు అన్న గడిలో మరియమ్మ అని ఉంది. సరుకు నల్ల గెలాక్సీ. ఎన్ని కంటైనర్లు అన్నచోట ఒకటి, అంటే ఓడ మీద వెళ్లే లారీ అంత ఇనుపపెట్టె నిండా రాయి. ఊరు కొత్తపట్నం. నవంబరు రెండులోపు కావాలి. కొత్తపట్నం సముద్రపు ఒడ్డు గనక ఎవరో బీచి దగ్గర రిసార్టు కడుతున్నారనీ, తల్లి పేరుతో కంపెనీ పెట్టి ఉంటారనీ అనుకున్నాను. ఫోన్ చేస్తే ఒకావిడ తీశారు. వెనకాల పిల్లలు ఎక్కాలు చదువుతున్న గోల.

“ఒకటే కదా మేడమ్?” అన్నాను.

“ఒకటే చాలండి.”

“రెండు తీసుకుంటే రేటు తగ్గిస్తాం.”

“అయ్యో, రెండెందుకండీ! అంత మాట అనకండి.”

ఆ కంగారు నాకు అర్థం కాలేదు. రాయి దించాల్సిన చోటు ఎక్కడండీ అని అడిగితే, చర్చి వెనకాలేనండి, ఇసుక కదా, పెద్ద బండి రాదు అన్నారు. బీచే అన్నమాట. నేరుగా ఎండీ గారి గదికి వెళ్లి ఆర్డరు ఖాయమని చెప్పేశాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఎవరి కోసం పుట్టిందో నాకు మర్నాడే తెలిసింది.

మర్నాడు కంపెనీ కారులో, రాయి నమూనాలు పెట్టెలో సర్దుకుని బయల్దేరాను. ఒంగోలు దాటాక సరుగుడు తోటల మధ్యగా వెళ్తుంటే దారిలోనే బేరం మాటలు మనసులో కూర్చుకున్నాను. ఫోన్‌లో చెప్పిన గుర్తుల ప్రకారం చర్చి దగ్గర దిగితే, యాభై ఏళ్ల ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. పేరు ఎస్తేరు, అక్కడి ప్రాథమిక పాఠశాలలో టీచరు. నన్ను చర్చి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ రిసార్టు లేదు, పునాది లేదు. సమాధులున్నాయి. కొన్నిటికి సిమెంటు, చాలావాటికి ఉత్త మట్టిదిబ్బ.

“మా అమ్మ మరియమ్మండి. ఆవిడకే ఈ రాయి” అంది.

నా చేతిలో నమూనాల పెట్టె ఒక్కసారిగా బరువెక్కింది. కంటైనర్ అంటే ఏమనుకున్నారని అడిగాను. రాయిని పెట్టి పంపే చెక్కపెట్టె అనుకున్నానంది. కంపెనీ పేరు నింపకపోతే ఫారం కదలలేదని, కాబట్టి అమ్మ పేరు రాశానంది. రోజూ సాయంత్రం ఏడింటికి బడి పనులు ముగించుకుని మా పేజీ చూసేది కూడా ఆవిడేనని అప్పుడే తెలిసింది. కోపం వచ్చిన మాట నిజం. ఆవిడ మీద కాదు, నా మీదే.

మరియమ్మ మిరపకోతలకు, పత్తితీతలకు పొదిలి వైపు లారీలో వెళ్లేదట. చీమకుర్తి దాటేటప్పుడు షెడ్ల ముందు నిలబెట్టిన నల్లపలకలు చూసి, ‘రాయిలో కూడా చుక్కలు పొడుస్తాయే’ అని ప్రతిసారీ అనేదట. కూలి డబ్బులతోనే కూతుర్ని టీచరు ట్రైనింగు చదివించింది. ఎస్తేరు మా గేటు దాకా రెండుసార్లు వచ్చింది. చిల్లర అమ్మకాలు లేవమ్మా, ఏదైనా వెబ్‌సైట్‌లోనే అని వాచ్‌మన్ పంపేశాడు.

“ఒంగోల్లో వేరే రాళ్లు దొరుకుతాయి కదమ్మా?” అన్నాను, తప్పించుకునే దారి వెతుకుతూ.

“దొరుకుతాయి సార్. కానీ నాకు ఇదే కావాలి. పోయినేడు ఏం జరిగిందో చెప్పనా? వానలకి చెక్క శిలువ కొట్టుకుపోయింది. సమాధుల పండక్కి వచ్చి, అమ్మేననుకుని ఇదిగో, ఈ పక్కావిడ దిబ్బకి పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి అరగంట ఏడ్చాను. తర్వాత పాస్టరు గారు రిజిస్టరు తీసి చూస్తే గోడ నుంచి మూడో వరుసలో ఐదోది మా అమ్మ. నేను ఏడ్చింది నాలుగో దిబ్బ దగ్గర. కన్నతల్లిని గుర్తుపట్టలేకపోయాను సార్.”

నాలుగో దిబ్బ ఎవరిదని అడిగాను. రిజిస్టరులో ‘రొయ్యల చెరువు కూలి’ అని మాత్రమే ఉందట. ఎక్కడి నుంచో పనికొచ్చి ఇక్కడ పోయింది. ఆవిడ కోసం వచ్చేవాళ్లెవరూ లేరు. ఈ ఏటి సమాధుల పండగ నవంబరు రెండున, ఇంకా మూడు వారాలుంది. రాయి వస్తుందని ఎస్తేరుకు మాటిచ్చి కారెక్కాను. ఇచ్చాక గుర్తొచ్చింది, ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదని.

ఎండీ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ పెన్నుకు మూత పెట్టేశారు.

“ప్రసాదరావు గారూ, కంటైనర్లు పంపే కంపెనీ మనది. ఇప్పుడు సమాధి రాళ్లు అమ్ముకుంటామా?”

ఇరవయ్యారేళ్లలో యజమానులకు నేను ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు చెప్పాను. “మనం యూరప్ పంపే రాళ్లు ఏమవుతున్నాయనుకున్నారు మేడమ్? చాలావరకు సమాధులకే పోతున్నాయి. కాగితాల మీద స్మారక శిలలు అని టైపు చేసింది నేనేగా. అక్కడి అమ్మలకి పనికొచ్చిన రాయి కొత్తపట్నం అమ్మకి పనికిరాదా?”

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. రెండు షరతులు పెట్టారు. రాయి కట్‌పీసుల్లోంచే తీయాలి, డబ్బు సైటు ద్వారానే రావాలి. కట్‌పీసులంటే బండను పలకలుగా కోశాక అంచుల్లో మిగిలే ముక్కలు. వాటిని లారీల లెక్కన తోలేసేవాళ్లం. సైటులో డబ్బు కట్టే ఏర్పాటే లేదన్న సంగతి అప్పుడు బయటపడింది. కంటైనర్ కొనేవాళ్లు బ్యాంకు ద్వారా కడతారు కాబట్టి ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. సైటు తయారుచేసిన ఒంగోలు వాళ్ల వెంటపడి, రోజుకు నాలుగు ఫోన్లు చేసి, వారంలో పెట్టించాను. ఎస్తేరు తన ఫోన్‌లోంచి కట్టింది. నా తెర మీద సున్నా పోయి ఒకటి పడింది. లేచి నిలబడ్డాను, ఎందుకో నాకే తెలియదు.

అక్షరాలు చెక్కేది రాజస్థాన్ నుంచి వచ్చిన మేస్త్రి. అతనికి తెలుగు రాదు. మరియమ్మ పేరు రేషన్ కార్డులో ఒత్తు లేకుండా, తప్పుగానే ఉండేదట, చచ్చేదాకా దిద్దించుకోలేకపోయింది. అందుకని ఎస్తేరు తానే కాగితం మీద, బడిలో బోర్డు మీద రాసేంత పెద్ద అక్షరాలతో రాసి పంపింది. మేస్త్రి దాన్ని బొమ్మలా రాయి మీదికి దించుకుని, వంపు పోకుండా చెక్కాడు. అక్టోబరు ముప్పై ఒకటిన ట్రాలీ ఆటోలో రాయిని తీసుకెళ్లాను. నలుగురు మనుషులు దింపి నిలబెట్టాక ఎస్తేరు వేలితో ఒక్కో అక్షరం తడిమి చూసింది. ఒత్తు సరిగ్గా పడింది సార్ అంది. నేను నీళ్లు అడిగి తాగాను.

ఆ తర్వాతి వారం ఫారం మార్చాను. కంపెనీ పేరు తీసేశాను. కంటైనర్ల గడి వేరే పేజీకి పంపాను. తెలుగు పెట్టించాను. మొదటి ప్రశ్నగా ‘ఎవరి కోసం?’ అని రాయించాను. దాని కింద రాయి మీద చెక్కాల్సిన పేరుకు ఒక గడి, పక్కన ఎర్ర చుక్క. ఎండీ గారు అది చూసి, ఇది అమ్మకం ఫారమా, పరామర్శా అన్నారు. నెల రోజులు చూడమని బతిమాలుకున్నాను.

ఆ నెలలో కొత్త ఫారం ద్వారా మొదట వచ్చిన ఎంక్వయిరీ కూడా కొత్తపట్నం నుంచే. అదే ఫోన్ నంబరు. రెండో రాయి మాట ఎత్తితే ఫోన్‌లో అంత కంగారుపడ్డ మనిషి. ‘ఎవరి కోసం?’ అన్నచోట ‘పక్కావిడ కోసం’ అని ఉంది. పేరు గడిలో ‘కనుక్కుంటున్నాను, చోటు వదలండి’ అని రాసింది.

తర్వాత ఒకటొకటిగా ఆర్డర్లు వచ్చాయి, సైటు మూతపడలేదు, నేను యార్డుకు వెళ్లకుండానే రిటైరయ్యాను. చూడడానికి వచ్చినవాణ్ణి కొనేవాడిగా మార్చడం ఎలాగని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. వచ్చినవాళ్లలో కొనేవాళ్లు ముందే ఉంటారు, మన ఫారం వాళ్లను గేటు దగ్గరే ఆపేస్తుంది. నాకు తెలిసింది అంతే. ఆ రెండో ఆర్డరు చూసిన రోజే ఒంగోలు వాళ్లకు ఫోన్ చేసి, పేరు గడి పక్కనున్న ఎర్ర చుక్క తీసేయమన్నాను.