వాడేవాళ్లు: ఒక్కరు

దయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే, ఎంత తాగావని అడిగే రకం నేను. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది కరీంనగర్. కంప్యూటర్లను నడిపే లినక్స్‌లో ఒక రకాన్ని తయారుచేసే బృందంలో తీరిక వేళల్లో పనిచేస్తాను. కాలం చెల్లిన నెట్‌వర్క్ ప్యాకేజీలను, అంటే నెట్ కలిపే చిన్న ప్రోగ్రాములను, తీసేయడం నా వంతు. దానికో పద్ధతి ఉంది. "దీన్ని తీసేస్తున్నాం, వాడేవాళ్లుంటే చెప్పండి" అని నోటీసు పెడతాం. రెండు వారాలు చూస్తాం. ఎవరూ పలకకపోతే ఎవరూ లేరని లెక్క. ఏ ప్యాకేజీని ఎన్ని కంప్యూటర్లు వాడుతున్నాయో చూపే పట్టిక కూడా ఉంది. అవి ఏ ఊరివో అది చెప్పదు.

ఆ వానాకాలంలో, ఫోన్ తీగ మీద నెట్ కలిపే పాత ప్యాకేజీకి నోటీసు పెట్టాను. పట్టికలో నెలల తరబడి సున్నాయే.

గడువు ఇంకా ముగియకముందే ఖానాపూర్ అవతల మా అక్క వాళ్ల ఊరు వరదలో మునిగింది. అక్క ఫోన్ మోగదు, బావ ఫోన్ మోగదు. మా అవ్వను, అంటే అమ్మను, తీసుకుని నిర్మల్ వెళ్లాను. శిబిరాలన్నీ గాలించాం. లేరు.

"గా ఊరు మొత్తం ఖాళీ అయింది సార్. మైకుల పిలిచినం, ఎవ్వలు పలకలే" అన్నాడు పడవల ఆఫీసరు.

అవ్వ నా చొక్కా పట్టుకుని "నా బిడ్డేదిరా?" అని ఏడ్చింది. ఏం చెప్పను? చచ్చిపోదామనిపించింది.

మూడో రోజు మధ్యాహ్నం, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని శిబిరంలోనే ల్యాప్‌టాప్ తెరిచాను. గడువు ఆ రోజుతో సరి. తీసేసే ముందు అలవాటుగా పట్టిక చూశాను.

వాడేవాళ్లు: ఒక్కరు.

ఆ ప్యాకేజీని నా చేతులతో పెట్టిన కంప్యూటర్ ఒక్కటే, బావ విత్తనాల దుకాణంలోది. పట్టికలోని ఆ ఒక్కటి ప్రపంచంలో ఎవరిదైనా కావచ్చని నాకు తెలియదా? తెలుసు. అయినా పరిగెత్తి ఆఫీసరు కాళ్ల మీద పడ్డాను. నిజం చెబితే నమ్మడు కాబట్టి అబద్ధమాడాను. దుకాణం మీద ఉన్నామని అక్క ఫోన్ చేసిందన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి పడవ పంపాడు.

ఇద్దరూ ఆ దుకాణం స్లాబు మీదే దొరికారు. బావ కాలు విరిగింది. అక్కకు గొంతు పోయింది.

ఆసుపత్రిలో బావను కంప్యూటర్ సంగతి అడిగాను. ఆయన నా మొహంలోకి వింతగా చూశాడు.

"గదెక్కడిది బామ్మర్దీ? నిరుడే పాత సామానోనికి ఇచ్చేసిన. ఫోన్ తీగ గూడ తీసేసిండ్రు గద."

మర్నాడు పట్టికలో మళ్లీ సున్నా. లెక్క తప్పిందేమోనని ఎన్నోసార్లు వెతికాను. తప్పు దొరకలేదు. ప్యాకేజీ ఇంకా ఎందుకు తీయలేదని తోటివాళ్లు అడుగుతూనే ఉన్నారు. తీసేయడానికి నాకు చేతులు రావు.

అక్క మాత్రం ఆ రోజు ఆసుపత్రిలో పీలగొంతుతో ఒక్కటే అంది.

"మైకుల పిలిచినప్పుడు మేం పలికినం తమ్మీ. వాళ్లకే ఇనపడలే."